ఇష్టమూ కోపమూ లేని మనిషి

రుచిత మీద కోపంతో ఉషశ్రీకి అన్నం కూడా సహించడం లేదు. నలుగురిలో మాట్లాడాలంటే తనకు ఒళ్ళంతా చెమటలు పడతాయని స్నేహితురాలని నమ్మి చెప్పుకుంటే, రుచిత ఆ మాట క్లాసంతా నవ్వేలా చెప్పేసింది. ఈ కోపం పోయే దారేదైనా ఉందా అని ఉషశ్రీ నాయనమ్మను అడిగింది.

నాయనమ్మ మాణిక్యమ్మ విజయవాడలో బౌద్ధ ధ్యానం నేర్చుకుని వచ్చినప్పటి నుంచి రోజూ పొద్దున్నే వసారాలో కళ్ళు మూసుకుని కూర్చుంటుంది.

"బాధ లేకుండా ఉండాలని ముందు నీకు నువ్వు కోరుకోవాలి. తర్వాత ఇష్టమైనవాళ్ళకి. ఆ తర్వాత ఎవరి మీద నీకు ఇష్టమూ కోపమూ లేవో ఆ మనిషికి. ఆఖర్న కోపమున్నవాళ్ళకి."

"తిన్నగా ఆఖరిదానికి పోతే?"

"పళ్ళు నూరుకుంటూ లేస్తావు. మీ చిన్నతాతతో నేను చేసి చూశాలే."

మొదటి రెండూ తేలిగ్గానే కుదిరాయి. మూడో మనిషే దొరకలేదు.

"జక్కయ్య బాబాయ్?" అంది మాణిక్యమ్మ.

"తేగలు తెచ్చిస్తాడుగా. ఇష్టమే."

"పోనీ, శౌరమ్మ?"

"మన గేదెను కర్రతో కొట్టింది!"

"ఓసి నీ దుంపతెగ! ఊళ్ళో ఒక్కరినీ వదల్లేదు గదే!"

చివరికి చల్లపల్లి బస్సులో దొరికింది, కండక్టరమ్మ. రోజూ ఆమె చేతి నుంచి ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంటున్నా, ఉషశ్రీ ఎప్పుడూ ఆమె మొహం సరిగ్గా చూడలేదు. ఈమెకుండే బాధేమిటో? కొన్నాళ్ళు గమనించాక, ఎడమ కాలి మీదే బరువంతా వేసి నిలబడుతోందని కనిపెట్టింది. ఉండబట్టలేక, "కాలు నొప్పాండీ?" అని అడిగేసింది.

"ఆనెకాయమ్మా. బస్సెడు జనంలో నీ ఒక్కదానికే కనబడింది!"

సాయంత్రం ఇంటికి రాగానే ఫిర్యాదు చేసింది. "నాయనమ్మా, మూడో మనిషి చెడిపోయింది. ఆమె నాకు నచ్చేసింది."

"ఇంకొకర్ని వెతుక్కో."

"వాళ్ళూ నచ్చేస్తే?"

మాణిక్యమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

మర్నాడు బస్సులో ముందు సీట్లో రుచిత ఉంది. ఉషశ్రీ కళ్ళు మూసుకుని, బాధ లేకుండా ఉండాలి అనుకోబోయింది. మాట లోపలే అడ్డం తిరిగింది. కళ్ళు తెరిచి, కండక్టరమ్మను చూసినట్టే రుచితనూ చూసింది. కమ్మీ పట్టుకున్న చేతి గోళ్ళు మొదళ్ళదాకా కొరికేసి ఉన్నాయి. బొటనవేలి మీద రక్తం ఎండిపోయింది. ఇదెప్పటి నుంచి?

కోపం పోలేదు. కానీ ఆ ప్రశ్న ఊరుకోనివ్వలేదు. లేచి వెళ్ళి రుచిత పక్కన కూర్చుంది.

"వేలికేమైంది?"

"నీకెందుకే?" రుచిత కిటికీ వైపు తిరిగింది.

"ఏమో. తెలుసుకోవాలనిపించింది."

రుచిత చేతిని చున్నీలో దాచుకుంది. బస్సు కాలువ వంతెన దాటాక, అటే చూస్తూ, "చెబితే నవ్వవుగా?" అంది.