కడుపుల బ్యాండ్

"కక్కినవా?" వంటింట్లోంచే అడిగింది రాములవ్వ.

పెరట్లో జామచెట్టు మొదట్లో చెంబెడు నీళ్లు గుమ్మరించి, కొంగుతో మూతి తుడుచుకుంది నీల. "ఆఁ, అత్తమ్మా."

"ఇగ మంచిదే. పనిజేస్తుందన్నట్టు. ఎట్లాగు బయటనే ఉన్నవు, ఆ గిన్నెలు గూడ తోమేసి రా."

ఆ ఇంట్లో నీల వాంతికి అంత మర్యాద ఉంది. మోటరు వేస్తే నీళ్లు రావాలి, మిరపకాయలు వేయిస్తే ఘాటు రావాలి, నీల తింటే వాంతి రావాలి. రాని రోజే అనుమానం. "ఇయ్యాల్ల కక్కలేదేందే? లూజ్ అయిందా ఏంది?" అని అత్త మాటిమాటికీ అడిగేది.

నాలుగేళ్ల కింద హైదరాబాదులో నీల కడుపుకు పైభాగాన ఉంగరంలాంటి బ్యాండ్ వేసి బిగించారు. కొంచెం తినగానే కడుపు నిండినట్టుండాలని, ఒళ్లు తగ్గాలని. బిడ్డ సరిత పుట్టాక ఆమెకు ఒళ్లు వచ్చింది. సరిత పెరిగి హాస్టలుకు పోయింది గానీ ఒళ్లు ఎక్కడికీ పోలేదు. భర్త గంగాప్రసాద్ దుబాయిలో క్రేన్ నడుపుతాడు. వీడియో కాల్ చేసినప్పుడల్లా "కొంచెం ఎనుకకు జరుగు, ఫోన్ల పడుతలేవు" అనేవాడు. అతని గదిలో ఉండేవాళ్లు కిసకిసమనేవాళ్లు. ఫోను పెట్టేశాక కూడా ఆ కిసకిస నీల చెవిలోనే ఉండేది. పప్పులో గరిటె తిప్పినా అదే చప్పుడు, బట్టలు జాడించినా అదే చప్పుడు. ఆఖరికి ఒకరోజు "నీ ఇష్టం" అంది. ఆడది "నీ ఇష్టం" అంటే అందులో ఆమె ఇష్టం ఎంతుందని వెతికిన మగవాడిని నీల ఇంతవరకు చూడలేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరు అన్నీ వివరంగానే చెప్పాడు. ముద్ద చిన్నగా ఉండాలి, మెత్తగా నమలాలి, అరగంట కుదురుగా కూర్చుని తినాలి. సెలవు మీద వచ్చిన గంగాప్రసాద్ తల ఊపాడు. నీల కూడా ఊపింది. ఆ అరగంట ఎక్కడి నుంచి తేవాలో మాత్రం ఇద్దరిలో ఎవరూ అడగలేదు. తంగళ్ళపల్లిలోని వాళ్ల ఇంట్లో ముందు మామ ఆగయ్య తింటాడు, సాంచాల మీద బట్ట నేసే మరిది మొగిలి తింటాడు. వాళ్లు చేయి కడిగాక అత్త, అత్త లేచాక కోడలు. కోడలు కూర్చునేసరికి ఆమెను కుట్టు పనికి సిరిసిల్ల తీసుకుపోయే ఆటో హారన్ కొడుతుంది. నీల నిలబడే నాలుగు ముద్దలు గబగబా మింగేది. మింగిన అన్నం ఆ ఉంగరం దాకా పోయి, తోవ లేక, వచ్చిన దారినే తిరిగి వచ్చేది.

మొదట్లో అందరూ మెచ్చుకున్నారు. బక్కగైనవు, మంచిగైనవు అన్నారు. తర్వాత దువ్వెన నిండా వెంట్రుకలు రావడం మొదలైంది. పొద్దున లేస్తే గొంతు బొంగురు. పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి, అందుకని రెండు దిండ్లు వేసుకుని సగం కూర్చునే నిద్రపోయేది. ఈమధ్య అరికాళ్లలో చీమలు పాకినట్టు తిమ్మిరి. దేనికదే విడివిడి బాధ అనుకుంది. సిరిసిల్లలో ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట సూపర్‌వైజర్ ఒకడున్నాడు. ఆమె తిన్నది కక్కడానికి లేచిన ప్రతిసారీ "నీలమ్మా, నీ మిషిని బాత్‌రూంల ఏపియ్యాల్నా? గాడనే కుట్టుకుందువు" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేది. నవ్వకపోతే ఇంకో మాట అంటాడని.

ఒకనాడు కాలరు కుట్టడం అయ్యాక, అలవాటు చొప్పున దారాన్ని ముందు పళ్లతో పట్టి కొరికింది. దారం తెగలేదు. పన్ను తెగింది.

పళ్ల డాక్టరమ్మ చిన్న వయసుది. చిన్న అద్దం నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. విరిగిన పన్ను సంగతి పక్కనపెట్టి, "వాంతులు ఎన్నేండ్ల సంది అయితున్నయమ్మా?" అని అడిగింది.

నీల ఉలిక్కిపడింది. "మీకెట్ల ఎర్కయింది మేడం?"

"మీ పండ్లు ముంగట మంచిగనే ఉన్నయి. ఎనుక దిక్కే అరిగిపోయినయి. కడుపుల పులుపు రోజూ పైకొచ్చి తినేసింది."

"కడుపుల బ్యాండ్ ఉన్నది మేడం. మంచిగ పనిజేస్తుంది."

"ఏం పని?"

"అదే... కక్కుడు."

డాక్టరమ్మ అద్దాన్ని పళ్లెంలో పెట్టేసింది. "కక్కుడు దాని పని గాదమ్మా. అది చెడిపోయిందని మీకు చెప్పుడు. ఎవలు చెప్పిండ్లు మీకు, కక్కితేనే పనిజేస్తున్నట్టని?"

ఎవరు చెప్పారు? ఇంటిదాకా ఆటోలో ఆలోచిస్తూనే ఉంది నీల. ఎవరూ చెప్పలేదు. మొదటిసారి కక్కినప్పుడు భయపడి గంగాప్రసాద్‌కు ఫోన్ చేస్తే "గట్లనే ఉంటది, ఉన్నది బయటికి పోతేనే గదా సన్నగైతవు" అన్నాడు. అతనికి తెలుసనుకుంది తను. తనకు తెలుసనుకుంది అత్త. అలా ఒకరి ధీమా మీద ఒకరు ధీమాగా నాలుగేళ్లు గడిపేశారు. కడుపు వద్దు మొర్రో అని అరుస్తుంటే, ఇంటిల్లిపాదీ శభాష్ అని భుజం తట్టారు. అది తలచుకుంటే ఏడుపు రావాలి. విచిత్రంగా నవ్వొచ్చింది. ఆటోలో పక్కామె కొంచెం దూరం జరిగి కూర్చుంది.

వారం తిరగకుండా నీల జగిత్యాల పోయింది, కడుపు డాక్టరు దగ్గరికి. కోరుట్ల నుంచి అక్క రాధిక నేరుగా ఆసుపత్రికే వచ్చింది. ఆమె ఒళ్లూ తక్కువ కాదు, నోరూ తక్కువ కాదు. డాక్టరు నీలతో సున్నపు నీళ్లలాంటి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయించాడు. బ్యాండ్ ఉండాల్సిన చోట లేదని, కిందికి జారిందని, పైన కడుపు ఉబ్బి సంచిలా వేలాడుతోందని బొమ్మలో చూపించాడు. అరికాళ్ల తిమ్మిరి కూడా ఆ వాంతుల వల్లే, ఒంట్లో విటమిన్లు నిలవడం లేదని సూది రాశాడు. ఇవాళ బ్యాండ్‌లో బిగువు కోసం నింపిన నీళ్లు తీసి వదులు చేస్తానని, తర్వాత ఆపరేషన్ చేసి దాన్ని తీసేయడమే మేలని అన్నాడు.

"బ్యాండోళ్లు జారుకున్నరంటే పెండ్లి అయిపోయినట్టే గద సారూ. తీసేయుండ్లి" అంది రాధిక.

డాక్టరు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులోనే పొట్ట మీద సూది దిగింది, నీళ్లు బయటికి వచ్చాయి. "ఒక్క గుక్క నీళ్లు తాగుండ్లి" అని గ్లాసు ఇచ్చాడు. నీల భయంభయంగా తాగింది. నీళ్లు దిగాయి. ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు, హాయిగా దిగిపోయాయి. ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ చేసి, సిగ్గు పడుతూనే ఇంకో గ్లాసు అడిగింది.

కొన్నాళ్లు మెత్తటివే తినాలన్నాడు గనుక బస్టాండు దగ్గర హోటల్లో సాంబారులో ఇడ్లీ చిదిపించుకున్నారు. నీల చిటికెడు నోట్లో వేసుకుని, నమిలి నమిలి మింగి, గొంతు మీద చేయి వేసుకుని ఆగింది. రాధిక కూడా ఊపిరి బిగబట్టింది. ఇద్దరూ అలా బొమ్మల్లా కూర్చోవడం చూసి హోటలతను పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా, వెంట్రుక గిన వచ్చిందా?"

"లేదు నాయినా, జర ఆగు. లోపలికి పోతున్నది" అంది రాధిక.

ఇక ఆపుకోలేకపోయారు. కన్నీళ్లు కారేదాకా నవ్వారు. ఆ ఒక్క ఇడ్లీని నీల ఎంతసేపు తిన్నదంటే, పక్క టేబులు దగ్గరికి ఇద్దరు ముగ్గురు వచ్చి, తిని, పోయారు. కడుపులో ఇడ్లీ నిలిచి ఉంది. తిన్నది కడుపులో ఉండడం ఇంత సంతోషంగా ఉంటుందని ఆమె మరిచేపోయింది.

గంగాప్రసాద్ ఫోన్ అక్కడికే వచ్చింది. సంగతంతా విన్నాడు. "వదులు చేసిండ్లు గదా, చాలు. మొత్తం తీసేస్తే మళ్ల మొదటికొస్తది. కక్కితే కక్కితివి, మనిషైతే మంచిగ కనిపిస్తున్నవు."

"కనిపిస్తున్న" అంది నీల. "కనిపిచ్చుడుతోని కడుపు నిండుతలేదు. వచ్చే నెల ఆపరేషన్‌కు పేరు రాపిచ్చిన. అక్క ఉంటది నాతోని."

"అమ్మను అడిగినవా?"

"కడుపు నాది" అంది. గొంతు ఎప్పటిలాగే బొంగురుగానే వచ్చింది, కానీ మాట ఎక్కడా తడబడలేదు.

ఇంటికి పోయేసరికి కబురు తన కన్నా ముందే చేరింది. రాములవ్వ గడపలోనే అందుకుంది. "తీపిచ్చుకుంటవట! మళ్ల లావైతవు గదనే?"

"ఐతె ఐత అత్తమ్మా. అన్నం తినే మనిషి జర లావైతది."

తెల్లారి నీల అన్నం మెత్తగా వండింది. గిన్నెలన్నీ తెచ్చి నడి ఇంట్లో పెట్టింది. ఆగయ్య, మొగిలి కూర్చున్నారు. వాళ్ల పక్కనే తన కంచం పెట్టుకుని, కాళ్లు మడిచి నీల కూడా కూర్చుంది.

మొగిలి తండ్రి వైపు చూశాడు. ఆగయ్య గిన్నెల వైపు చూశాడు. "మరి మాకెవలు పెడుతరే?"

"గిన్నెలు మీ ముంగటనే ఉన్నయి మామా. అరగంట కూసోని తినాలన్నడు డాక్టరు. నేను లేస్తే మందు పనిజెయ్యది."

ఆ మందేమిటో ఆగయ్యకు అర్థం కాలేదు గానీ, డాక్టరు మాట కాబట్టి గరిటె అందుకున్నాడు. తనకు తాను వడ్డించుకోవడం జీవితంలో మొదటిసారి కావచ్చు, అన్నం కంచంలోకన్నా చాప మీద ఎక్కువ పడింది. రాములవ్వ చెంబు చేత పట్టుకుని, ఎటు పోవాలో తెలియక స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"నువ్వు గూడ రా అత్తమ్మా" అంది నీల, పక్కకు జరిగి.

"నాకిప్పుడే ఏందే?"

"రా. నా ఒక్కదానికి బుగులైతది. నువ్వుంటే ధైర్యం."

ముసలామె గొణుగుతూ వచ్చి కూర్చుంది. నీల పెట్టిన అన్నంలో చేయి పెట్టి, చప్పున వెనక్కి తీసుకుని వేళ్లు ఊదుకుంది. ఆ తర్వాత మెల్లగా ఒక ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. మొగుడి వైపు, కొడుకు వైపు మార్చి మార్చి చూసింది.

"ఓ నీలా," అంది, "గీళ్లు రోజూ గిట్ల ఉడుకుడుకన్నమే తింటున్నరానే?"