వాండా పిలిచిన మీటింగు

మా పెలికన్ కోవ్ కాలనీలో ఉత్తరాల డబ్బాకి ఏ రంగు వెయ్యాలో కూడా ఇళ్లవాళ్ల సంఘమే చెబుతుంది. చెత్తడబ్బా కాస్త ముందుగా రోడ్డు మీద పెడితే నోటీసు వస్తుంది. ఇంత పెత్తనం చేసే సంఘానికి ఒక్కటే లోటు, మీటింగు పెడితే ఎవరూ రారు. సగం ఇళ్లవాళ్లు వచ్చి కూర్చుంటే తప్ప ఏ నిబంధనా మార్చడానికి వీల్లేదు. అందరూ చేపలు పట్టడానికో పేకాటకో పోతారు. అధ్యక్షుడు మెర్ల్ ఖాళీ కుర్చీలు మడతపెట్టుకుని ఇంటికి పోతాడు.

ఈసారి మెర్ల్ తెచ్చింది అద్దెల సంగతి. ఏడాదికి తక్కువగా ఎవరూ ఇల్లు అద్దెకివ్వకూడదట. మూలింట్లో వారానికో గుంపు దిగి తెల్లవార్లూ పాటలు పెడుతోంది కాబట్టి ఆయన కోపంలోనూ న్యాయముంది. కానీ మా పక్కింటి వాండా గుండెలో రాయి పడింది. ప్రతి చలికాలం మూడు నెలలు, మంచుకి తాళలేక ఉత్తరాది నుంచి వచ్చే దంపతులకి ఇల్లు అద్దెకిచ్చి తను చెల్లెలి దగ్గరికి పోతుంది. ఇంటి పన్నూ, తుఫాను బీమా ఆ అద్దెతోనే గడుస్తాయి. అది పోతే ఇల్లు అమ్ముకోవడమే.

పాపం, వాండా ఊరుకోలేదు. నిమ్మకాయ పైలని తీపి రొట్టెలు కాల్చి ఇంటింటికీ పంచి, "మీటింగుకి రండి, వద్దని చెయ్యెత్తండి" అని బతిమాలింది. నాతో ఒక్కమాట అనుంటే, నోరు మూసుకుని ఇంట్లో కూర్చోమనేవాణ్ణి. ఎవరూ రాకపోతే ఆ నిబంధన దానంతటదే అటకెక్కేది.

నేను హాల్లోకి అడుగుపెట్టేసరికి కుర్చీలు దాదాపు నిండి ఉన్నాయి. వాండా పక్కన కూర్చున్నాను. మెర్ల్ తలలు లెక్కపెట్టి నిట్టూర్చాడు.

"ఒక్కరు తక్కువ. మళ్లీ వాయిదా వెయ్యాల్సిందే."

నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే గుమ్మం దగ్గర చప్పుడైంది. వాండాకి అటుపక్క ఇంట్లో ఉండే బెర్నీస్, చేతిలో వాకరు, గడప దాటలేక నిలబడిపోయింది. వాండా లేవబోతే చెయ్యి పట్టుకుని లాగాను.

"కూర్చోవే తల్లీ! ఆవిడ లోపలికొస్తే మీటింగు మొదలైపోతుంది. అక్కడే ఉండనీ."

"సిగ్గులేదూ, క్లిఫ్టన్? ఆ కాలితో నాకోసం వచ్చింది. గుమ్మంలో నిలబెడతానా?"

వెళ్లి చెయ్యిచ్చి తీసుకొచ్చి తన కుర్చీలోనే కూర్చోబెట్టింది. మెర్ల్ మొహం వెలిగిపోయింది. "ఇంతమందిని రప్పించినందుకు వాండాకి కృతజ్ఞతలు" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

ఆ పైలు తిన్నవాళ్లంతా వాండా వైపు చెయ్యెత్తుతారా? మూలింటి పాటలకి నిద్ర పోగొట్టుకున్నవాళ్లు సిగ్గుతో తల వంచుకుని మెర్ల్ వైపు ఎత్తారు. వాళ్లలో బెర్నీస్ చెయ్యి కూడా ఉంది, బాగా పైకెత్తింది. నిబంధన నెగ్గింది.

ముగ్గురం ఇంటికి నడిచొస్తుంటే నాకు ఒళ్లు మండిపోతోంది.

"ఏమ్మా బెర్నీస్, నీ కడుపు చల్లబడిందా?"

"నువ్వాగు, క్లిఫ్టన్," అంది వాండా. వాకరు పక్కనే మెల్లగా నడుస్తూ, "ఎందుకు ఎత్తావు, బెర్నీస్?" అని మామూలుగానే అడిగింది.

"పోయిన చలికాలం నేను స్నానాలగదిలో పడిపోతే, నీ ఇంట్లో ఉన్నవాళ్లని ఎంత అరిచి పిలిచినా పలకలేదు. అదే నువ్వుంటే గోడ దూకి వచ్చేదానివి. ఇకమీదట చలికాలం ఎక్కడికీ పోవుగా, ఇక్కడే ఉంటావు." బెర్నీస్ చిన్నపిల్లలా నవ్వింది. "అందుకే ఎత్తాను."

వాండా ఆమె చేతి మీద చెయ్యి వేసింది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియలేదు.

"అద్దె రాకపోతే ఇల్లు నిలుపుకోలేను, బెర్నీస్. అమ్మేస్తాను."

వాకరు ఆగిపోయింది.

"మరి పక్కింట్లో ఎవరుంటారు?"

"ఎవరో కొనుక్కుంటారు. ఏడాదంతా ఉండేవాళ్లే వస్తార్లే."

"నేను ఉండమన్నది నిన్ను కదే," అంది బెర్నీస్.