ఆరుగురు పోగా మిగిలినవాడు

జనవరి రెండో వారానికి వెండెల్ ప్రూయిట్ గదిలో ఆరు కుర్చీలు ఖాళీ అయ్యాయి. లూసియానాలోని ఆ చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో, పరుగెత్తి బంతి అందుకునే రిసీవర్లకు ఆయన కోచ్. పోర్టల్ అని ఒక జాబితా ఉంది. అందులో పేరు పెట్టుకున్న ఆటగాణ్ణి ఏ కాలేజీ అయినా పిలుచుకోవచ్చు. ఆరుగురూ పెట్టుకున్నారు. ముగ్గురు మెసేజ్ పంపారు, ఇద్దరు అదీ పంపలేదు, ఒకడు చెయ్యి ఊపే బొమ్మ పంపాడు. మూడేళ్ళు నడక దగ్గర్నుంచి నేర్పిన మనిషికి చెయ్యి ఊపే బొమ్మ! వెండెల్‌కు కోపం కూడా రాలేదు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, అరిగిపోయిన మోకాళ్ళతో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి అనుకుంటేనే ఒళ్ళు బరువెక్కింది. ఈ సీజన్‌తో ఆయన ఒప్పందం కూడా అయిపోతుంది.

మిగిలింది ట్రెవిన్ బటీస్ట్ ఒక్కడు. స్కాలర్‌షిప్ లేకుండా సొంత ఫీజు కట్టుకుని ఆడే కుర్రాడు. వాళ్ళమ్మ ఇవెట్ కోళ్ళ ఫ్యాక్టరీలో పని చేస్తుంది. మూడేళ్ళలో మ్యాచ్‌లో వాడి చేతికి బంతి వచ్చింది రెండంటే రెండుసార్లు. పక్కవాడు బంతి పట్టుకుని పరుగెడుతుంటే అడ్డొచ్చేవాళ్ళను నిలవరించడం వాడి పని. ఆ పనికి ఎవరూ చప్పట్లు కొట్టరు. "స్కాలర్‌షిప్ ఖాళీ అయితే నీకేరా" అని వెండెల్ రెండేళ్ళుగా చెబుతున్నాడు. ఖాళీ అయిన ప్రతిసారీ హెడ్ కోచ్ గాట్లిన్ బయటినుంచి ఎవడినో తెచ్చి పెడుతున్నాడు.

ఈసారీ అంతే. గాట్లిన్ చెప్పాడని వెండెల్ మూడు వారాలు ఫోన్లో బతిమాలి, బామాలి, బయటినుంచి నలుగురిని పోగుచేశాడు. నలుగురూ నాలుగు రాష్ట్రాలవాళ్ళు, నాలుగు రకాల గర్వాలు. పరుగు బాగానే వచ్చు, ఒకడి మాట ఇంకొకడు వినడం మాత్రం రాదు. వాళ్ళను దారిలో పెట్టింది ట్రెవినే.

"ఒరేయ్ టెక్సాస్, నువ్వెటు తిరుగుతావో ముందే అటు చూస్తే అవతలోడికి తెలిసిపోదూ? నేరుగా వాడి మీదికే పరుగెత్తు!"

"నువ్వేమన్నా కోచ్‌వా, అరుస్తున్నావ్?"

"కాదులే. కోచ్‌కి మోకాళ్ళ నొప్పులు. ఆయన బదులు నేను అరుస్తున్నా."

ఏప్రిల్ వచ్చేసరికి ఆ గదిలో నవ్వులు వినిపించసాగాయి. గుంపు అనదగ్గది ఒకటి తయారవుతోందని వెండెల్‌కు మొదటిసారి అనిపించింది.

ఏప్రిల్లో జట్టు రెండుగా చీలి తమలో తామే ఆడుకునే మ్యాచ్ ఒకటుంటుంది. టీవీలో వస్తుంది. తర్వాత పోర్టల్ ఇంకో పది రోజులు తెరుచుకుంటుంది కనుక, ఈ రోజుల్లో తెలివైన కోచ్‌లు ఆ మ్యాచ్‌లో మంచి ఆటగాళ్ళను దాచేస్తారు. గాట్లిన్ కూడా ముందే హెచ్చరించాడు. ఆయన వెండెల్ కంటే ఇరవయ్యేళ్ళు చిన్న.

"పెద్దాయనా, శనివారం మనోళ్ళకి బంతి ఎక్కువ తగలనివ్వకండి. టీవీలో చూపించుకుని తర్వాత ఏడవడం ఎందుకు?"

"ఆ నలుగుర్నీ దాచేస్తాలే. ట్రెవిన్‌ని ఆడిస్తా. వాణ్ణెవడు చూస్తాడు?" అన్నాడు వెండెల్.

నిజంగానే అలా అనుకున్నాడు పాపం. మూడేళ్ళుగా ఎవరూ చూడనివాణ్ణి ఇకముందూ చూడరనే ధీమా. పైగా ఆ శనివారం ఇవెట్ సెలవు పెట్టుకుని మరీ వచ్చి మూడో వరసలో కూర్చుంది. వెండెల్ బంతి విసిరే కుర్రాణ్ణి పక్కకు పిలిచాడు.

"వాళ్ళమ్మ వచ్చిందిరా. మూడుసార్లు వాడికి వెయ్యి. ఎంత దూరమైనా పర్లేదు."

మూడు వేశాడు. మూడూ పట్టాడు. మూడోదైతే, నడుం పట్టుకుని ఒకడు వేలాడుతుండగా ఒంటిచేత్తో అందుకుని గీత దాటాడు. ఇవెట్ పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషిని వాటేసుకుంది. వెండెల్ టోపీ ముందుకు లాక్కుని ఏడ్చాడు. ఆ ఏడాది ఆయన సంతోషపడింది ఆ ఒక్కరోజే.

సోమవారం పొద్దున్నే ట్రెవిన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మా హైస్కూల్ కోచ్‌కి ఎవరో ఫోన్ చేశారంట. పక్క రాష్ట్రంలో పెద్ద కాలేజీ. నేను పేరు పెడితే ఫీజూ గదీ తిండీ అంతా వాళ్ళేనంట."

వెండెల్ లేచి, వాణ్ణి అక్కడే కూర్చోబెట్టి, మోకాళ్ళు పట్టుకుంటూ మేడమీది గాట్లిన్ గదికి వెళ్ళాడు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. స్కాలర్‌షిప్ లేదు. ఖాళీ అయిన ఆరింటిలో రెండు వేరే ఆటగాళ్ళకిచ్చేశారు, చివరిది ఆ నలుగురిలో ఒహాయో కుర్రాడికి వెళ్ళిపోయింది. చెప్పానా పెద్దాయనా అన్న మాట మాత్రం ఉచితంగా దొరికింది.

వీడు పోతే ఆ నలుగురూ మళ్ళీ నాలుగు దిక్కులవుతారు. తన ఉద్యోగమూ వాళ్ళతోపాటే పోతుంది. అది ఆయనకు స్పష్టంగా తెలుసు.

"మీరు ఉండమంటే ఉంటా కోచ్," అన్నాడు ట్రెవిన్. "నిజంగా."

ఉంటాడు. అదే వెండెల్‌ను భయపెట్టింది.

"ఆరుగురిలో ఒక్కడూ నన్ను అడగలేదురా," అన్నాడు చివరికి. "అడిగింది నువ్వొక్కడివే. అందుకే నీకు ఇంకోసారి అబద్ధం చెప్పలేను. ఇక్కడ నీకు చోటు లేదు. నువ్వుంటే, ఉంది ఉందని నేను చెబుతూనే ఉంటా. మీ అమ్మ ఫీజు కడుతూనే ఉంటుంది. వెళ్ళు."

ట్రెవిన్ లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఒక్కసారి ఉండమనండి కోచ్. ఎలాగూ వెళ్తాను. ఊరికే, వినాలనుంది."

వెండెల్ "ఉండరా," అన్నాడు. "ఉండు నాయనా."

వాడు తలూపి, కళ్ళు తుడుచుకుని, పేరు నమోదు చేసే ఆఫీసు వైపు వెళ్ళాడు. పేరు పెట్టాక మైదానంలోకి రాకూడదు. ఆ మధ్యాహ్నం ప్రాక్టీసులో టెక్సాస్‌వాడూ ఒహాయోవాడూ కొట్టుకోబోయారు. వెండెల్ ఇద్దరి మధ్యకూ వెళ్ళి నిలబడ్డాడు. అరిచే ఓపిక లేదు.

ప్రాక్టీసయ్యాక గదికొచ్చి పోర్టల్ జాబితా తెరిచి, జార్జియాలో ఎవరో కుర్రాడికి ఫోన్ చేశాడు. తన పేరు చెప్పాడు, కాలేజీ పేరు చెప్పాడు, స్కాలర్‌షిప్ లేదుగానీ జట్టులో ఒక ఖాళీ ఉందన్నాడు. అవతలివాడు తెలివైనవాడే.

"మీ దగ్గర్నుంచి అంతా ఎందుకు వెళ్ళిపోతున్నారు కోచ్? మీతో పడదా?"

ఇలాంటప్పుడు చెప్పే మాటలు వెండెల్ దగ్గర బోలెడున్నాయి. అవన్నీ పక్కన పెట్టాడు.

"పడుతుంది," అన్నాడు. "నువ్వూ వెళ్ళిపోతావులే. ముందు రా, నేర్పిస్తాను."