నాలుగడుగుల లోతున ఉన్న మాట

పొద్దున్నే పాలు పితకడం అయ్యాక, క్యాన్లు కడిగి బోర్లించేసరికి అక్క టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో కూర్చుని ఆ రోజు పనులు చెప్పేది. నలభై ఎకరాల మేత, అరవై పశువులు. చూసుకునే మనుషులు ముగ్గురే: అక్క, బావ, చెల్లెలు. చెల్లెలికి నలభై ఏళ్లొచ్చినా చుట్టుపక్కల అందరికీ ఆమె ఇంకా ‘చిన్నది’. ఆ రోజు పనులన్నీ చెప్పి చివర్న, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినంత మామూలుగా అక్క అంది:

"చిన్న పొక్లెయిన్ ఒకటి కొంటున్నాం."

చిన్నది కడిగిన క్యానునే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు దేనికక్కా అది?"

"దేనికేంటి? మీ బావ నడుము పట్టేసి నెలైంది. గడ్డపార ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. దూరపు బీడులో పశువులకి చుక్క నీళ్లు లేవు. పంపు దగ్గర్నుంచి పైపు వేయాలి. పైన ట్రాక్టరు తొక్కినా పగలకూడదంటే నాలుగడుగుల లోతు కాలవ కావాలి."

"మనుషుల్ని పెట్టి తవ్విద్దాం."

"ఎవరొస్తారే? మన నేల సంగతి తెలిసి?"

ఆ నేల సంగతి ఏంటంటే, దాని మీద ఎవరు ఏ మాటన్నా అది మట్టిలోకి ఇంకిపోతుంది. ఏడాదికి బెత్తెడు చొప్పున కిందికి దిగుతుంది. తవ్వి మట్టి పగిలినప్పుడు, అన్నవాళ్ల గొంతుతోనే పైకొస్తుంది. ఒక్కసారే. ఆ తర్వాత అది ఉత్త మట్టి. కంచె గుంజలకి గోతులు తీసినప్పుడల్లా బావ పశువుల్ని అదిలించిన కేకలూ, పాలవ్యాను డ్రైవరుతో అక్క పెట్టుకున్న గొడవలూ వచ్చేవి. ఓసారి బావ గొయ్యి తీస్తుంటే, ఎప్పుడో ఆయన ఫోన్లో వాళ్లమ్మతో "కూరదేముందిలే అమ్మా, కళ్లు మూసుకుని మింగేస్తున్నా" అన్న మాట బయటపడింది. అక్క పక్కనే గుంజ పట్టుకుని నిలబడి ఉంది. వారం రోజులు ఆ ఇంట్లో కూర లేదు. గడ్డపార పట్టినవాడు చెవులు ఇంట్లో పెట్టి రావాలని అక్కడో మాట. కూలికొచ్చినవాళ్లు మాత్రం చెవులు విప్పుకుని వచ్చి, సాయంత్రానికి ఊరంతా చాటింపు వేసేవాళ్లు. అందుకే బయటివాళ్లని పిలవడం మానేశారు.

గుంజ గొయ్యి రెండడుగులు దాటదు. రెండడుగులంటే ఎనిమిదేళ్లు. చిన్నది భయపడే మాట వయసు పదహారేళ్లు. ఇన్నాళ్లూ ఆమె ఆ లెక్క మీదే నిద్రపోయింది.

పదహారేళ్ల కిందట పశువుల్ని చూసుకోవడానికి ఆ ఫామ్‌లో ఒకాయన ఉండేవాడు. ఈలేస్తే ఎంత దూరాన ఉన్న పశువైనా తల తిప్పి నడిచొచ్చేది. ఈలాయన అనేవాళ్లు. అక్కాచెల్లెళ్లు మాత్రం చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలిచేవాళ్లు. ఒక గాలివాన మధ్యాహ్నం బీడు గేటు తెరుచుకుంది, మంద మొత్తం రోడ్డెక్కింది. అడ్డం వెళ్లిన అక్కని తొక్కుకుంటూ పోయింది. ఎడమ కాలు మూడు చోట్ల విరిగి, అతుక్కున్నా వంకరగానే అతుక్కుంది. ఆ రోజు నాన్న ఈలాయన్ని వాకిట్లో అందరి ముందూ నిలబెట్టి అడిగాడు. "గేటు వేశానయ్యా" అన్నాడాయన. "వేశానయ్యా" అని రెండోసారీ అన్నాడు. మూడోసారి అనలేదు. తన దుప్పటీ, పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ గేటు తీసింది చిన్నది. రోడ్డు మీద మోటారుసైకిలు వేసుకుని ఒకడు ఎదురుచూస్తుంటే, తడుస్తూ పరిగెత్తి, గొళ్లెం పెట్టడం మరిచిపోయింది. ఆ మోటారుసైకిలు వాడి మొహం కూడా ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. నాన్న అడుగుతున్నంత సేపూ ఆమె తలుపు చాటున బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. మర్నాడు కడుపులో ఆ మాట ఆగలేదు. పశువులు ఉప్పు నాకే రాయి పక్కన బోర్లా పడుకుని, మట్టికి మూతి ఆనించి చెప్పేసింది. చెప్పాక గుండె తేలికపడింది. ఆ తేలికే పెద్ద పాపమని తర్వాత తెలిసింది. ఈలాయన్ని ఏ ఫామ్‌లోనూ గడప తొక్కనివ్వలేదు. ‘గేటు మరిచినోడు’ అన్న పేరు ఆయనకంటే ముందే ప్రతి ఊరికీ చేరిపోయేది.

షోరూంలో కొత్త మిషన్లు పచ్చగా, నూనె వాసనతో వరసగా నిలబడి ఉన్నాయి. సేల్స్‌మేన్ అక్కని సీటెక్కించి లీవర్లు చూపించాడు.

"కుడిచేత్తో ఇది లాగితే బూమ్, అదే ఈ ఇనప చెయ్యి, లేస్తుందమ్మా. ఎడమది తిప్పితే మిషనే తిరుగుతుంది. కాలితో పనే లేదు."

"కాలితో పనే లేదంటండీ!" అక్క కిందున్న బావని చూసి, కొత్త గాజులు తొడుక్కున్న పిల్లలా నవ్వింది. "పదహారేళ్లైంది నేను మన్ను తవ్వి. ఇక నాకెవరూ తవ్విపెట్టక్కర్లేదు."

చిన్నది పక్కనున్న మిషను టైరు చూస్తున్నట్టు తల దించుకుంది. ఆ మిషనుకి టైర్లు లేవు, రబ్బరు చైన్లే ఉన్నాయి.

"మీది మాట్లాడే నేలా అమ్మా?" అని అడిగాడు సేల్స్‌మేన్, కరెంటు సింగిల్ ఫేజా త్రీఫేజా అన్నట్టు.

"అవును."

"అయితే గ్లాసు క్యాబిన్ తీసుకోండి. బయటి మాట ఒక్కటి లోపలికి రాదు."

"అదే తీసుకుందామక్కా," అంది చిన్నది గబుక్కున.

"వద్దు." అక్క సీటు మీంచి మెల్లగా దిగింది. "అడుగున ఎక్కడో నాన్న గొంతు ఉంటుంది. వినాలని ఉంది."

మిషను వచ్చింది. నేర్పడానికి వచ్చిన మెకానిక్ ఒక పూట ఉండి అక్కకీ చిన్నదానికీ నేర్పి వెళ్లాడు. అక్కకి కంగారెక్కువ, మట్టెత్తే బకెట్టు ఎప్పుడూ ధన్‌మని పడేది. చిన్నదానికి మాత్రం రెండు రోజుల్లో చెయ్యి కుదిరింది. బకెట్టు పళ్లతో కోడిగుడ్డెత్తి గడ్డి మీద పెట్టేంత ఒడుపు వచ్చింది. మూడో రోజు బావ నడుముకి బెల్టు కట్టుకుని, పంపు నుంచి దూరపు బీడు దాకా సున్నంతో గీత గీశాడు. గీత సూటిగా ఉప్పురాయి పక్కనుంచి పోయింది.

"బావా, రాయికి అవతల్నుంచి తిప్పితే బాగుంటుందేమో."

"వంకర కాలవ దేనికి? ఇటు అడ్డమేమన్నా ఉందా?"

చిన్నదానికి తిండి సయించలేదు. అక్క ఆ సాయంత్రం మేతలోంచి కుంటుకుంటూ వస్తూ, "ఏమే, అలా వాడిపోయావు? నువ్వు రెండు రోజులు పని మానెయ్, కాలవ నేను తీస్తాలే" అంది. అలా మంచిగా మాట్లాడినప్పుడే చిన్నదానికి ఎక్కువ నొప్పి.

శనివారం పశువుల సంత. అక్కా బావా రెండు దూడల్ని వ్యానెక్కించుకుని పొద్దున్నే వెళ్లారు. చిన్నది మిషను తాళం తీసుకుంది. అనుకున్నది తేలికే: ఆ మట్టిని పగలకుండా గడ్డగా ఎత్తి, పాత పికప్ బండిలో వేసుకుని, ఊరవతల పాడుబడ్డ రాతి క్వారీలో పడేసి రావాలి. పారతో అయితే మాట ముక్కలై రాలిపోయేది. ఈ మిషనుతో మొత్తం ఎత్తొచ్చు. కొన్నప్పుడు తను వద్దన్న మిషను తన తప్పుని దాచడానికే పనికొస్తోందని తోచి, తనకే సిగ్గేసింది.

రాయి పక్కన, అప్పుడు తను పడుకున్న చోటు చుట్టూ నాలుగు వైపులా గాడి తీస్తూ పోయింది. పైపొరలు మాట్లాడుతూనే ఉన్నాయి. మేత ధరల గురించి, వాన గురించి. బకెట్టు రెండడుగులు దాటాక నాన్న గొంతొచ్చింది: "దూడ తాగిందా? అది తాగాకే పితకండి." చిన్నది ఇంజను ఆపేసింది. గొంతు మళ్లీ రాలేదు. అక్క వినాలనుకున్నది తను వినేసింది, అది అయిపోయింది. ఒక దొంగతనం కప్పెట్టబోయి ఇంకో దొంగతనం చేసినట్టైంది. మళ్లీ ఇంజను వేసి, అడుగున పళ్లు దూర్చి, బియ్యం బస్తా అంత బంకమట్టి గడ్డని పసిబిడ్డనెత్తినట్టు ఎత్తి, బండిలో పరిచిన గోనెల మీద దించింది. ఎక్కడా బీట కూడా పడలేదు.

క్వారీకి టౌను మీంచే దారి. బస్సు డిపో ముందు ఒక బస్సు వెనక్కొస్తోందని రోడ్డుకి అడ్డంగా ఒక ముసలాయన నిలబడి చెయ్యెత్తి బళ్లు ఆపాడు. మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో నీళ్ల పైపు. చిన్నది బ్రేకు వేసింది. ఈలాయన. ఆయన డిపోలో బస్సులు కడుగుతాడని ఆమెకి తెలుసు. ఏళ్ల తరబడి ఈ రోడ్డు తప్పించి చుట్టూ తిరిగి వెళ్లేది. ఈ రోజు తొందరలో మరిచిపోయింది.

బస్సు వెళ్లిపోయింది. ఆయన కదల్లేదు. బండి దగ్గరికొచ్చి వెనక గడ్డని చూశాడు.

"మీ నేలదేగా?"

"ఆ, బాబాయ్."

"ఎవరి మాట?"

"నాదే." ఆ తర్వాత ఆగలేదు, అంతా చెప్పేసింది. గేటు, గొళ్లెం, మోటారుసైకిలు. వెనక బళ్లు హారన్లు కొడుతున్నాయి. "నీ దగ్గరే పగలగొడతాను బాబాయ్, నువ్వే విను" అని ఏడుస్తూ కిందికి దిగబోయింది. క్వారీ సంగతి అప్పటికి ఆమెకే గుర్తు లేదు.

ఆయన డోరు మీద తడిచెయ్యి వేసి ఆపాడు.

"నాకు దేనికి తల్లీ? నేను గేటు వేశానని నాకు తెలియదా? తెలియనివాళ్ల దగ్గర పగలగొట్టు."

కోపంగా అనలేదు. ప్రేమగానూ అనలేదు. పైపు లాక్కుంటూ తర్వాతి బస్సు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఆమె బండిని క్వారీ వైపు తిప్పలేదు.

సంత మంచి జోరు మీద ఉంది. చుట్టుపక్కల ఫామ్‌లవాళ్లంతా అక్కడే ఉన్నారు, ఈలాయన్ని రెండుసార్లు గేటు దగ్గర్నుంచే తిప్పి పంపిన వందావుల ఆసామితో సహా. చిన్నది బండిని సంత మధ్యకి తెచ్చి ఆపి, వెనక తలుపు దించింది. మాట్లాడే మట్టిని చూసి జనం మర్యాద కొద్దీ రెండడుగులు వెనక్కి వేశారు.

"వెళ్లొద్దు," అంది చిన్నది. "ఇది మీరు వినాల్సిందే."

బండిలోని జాకీ రాడ్డెత్తి ఒక్క దెబ్బ వేసింది. గడ్డ రెండుగా విడిపోయింది. ఇరవై నాలుగేళ్ల పిల్ల గొంతు, వెక్కిళ్ల మధ్య, సంతంతా వినబడింది: "గేటు నేనే తీశాను. గొళ్లెం పెట్టలేదు. బాబాయ్ వేసే వెళ్లాడు. అక్క కాలు నావల్లే పోయింది. నేను చెప్పను. నేనెవరికీ చెప్పలేను."

ఆ చివరి మాట తను అన్నట్టు చిన్నదానికి గుర్తే లేదు.

ఒక దూడ అరిచింది. వందావుల ఆసామి తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఆయనిప్పుడు ఎక్కడుంటున్నాడమ్మా?" అనడిగాడు. చెప్పింది. ఆసామి అక్కణ్నుంచే డిపోకి బయల్దేరాడు. వారం తిరక్కుండా ఈలాయన బస్సులు కడగడం మానేసి వందావుల మందకి పెద్ద అయ్యాడు. తలుపున్న గది, తాళాల గుత్తి అన్నీ ఇచ్చారని చెప్పుకున్నారు. ఈ నేలకి ఆయన మళ్లీ రాలేదు. రమ్మని అడిగే మొహం వీళ్లకీ లేదు.

కానీ అదంతా తర్వాత. ఆ రోజు సంతలో జనం పక్కకి జరిగి దారిస్తే, అవతలి చివర్నుంచి అక్క నడిచొచ్చింది. అంత దూరం ఆ కాలితో రావడానికి చాలా సేపు పట్టింది. చిన్నది రాడ్డు పట్టుకుని అంత సేపూ నిలబడాల్సొచ్చింది. అక్క కొడుతుందనుకుంది. కొట్టినా బాగుండేది.

"ఎడమ కాలు వేసినప్పుడల్లా నొప్పి," అంది అక్క, వినబడీ వినబడనట్టు. "నొప్పి లేచినప్పుడల్లా ఆయన్ని తిట్టుకున్నాను. పైకి కాదు, లోపల్లోపల. పదహారేళ్లు. రోజుకెన్ని అడుగులో లెక్కేసుకో. ఆ తిట్లన్నీ ఇప్పుడు నేనెక్కడ పెట్టుకోను?"



కాలవ మిగతా భాగం అక్కే తీసింది. అక్కడక్కడా నాన్న గొంతు దొరికింది, ఎక్కువగా దూడల్ని కసరడమే. అక్క ఇంజను ఆపి వినేది, మళ్లీ నడిపేది. దూరపు బీడుకి నీళ్లొచ్చాయి. ఇంట్లో మాటలు మాత్రం పనికి తగ్గంతే: పాలెన్ని, దాణా ఉందా, తలుపేశావా. బావ ఇద్దరి మధ్యా ఏవో జోకులు వేసి చూసి, ఊరుకున్నాడు.

రెండు నెలలయ్యాక ఒక పొద్దున తొట్టెలో నీళ్లు చూడ్డానికి ఇద్దరూ దూరపు బీడుకి నడుస్తున్నారు. మట్టి మెత్తగా ఉంది, అక్క అడుగు చూసుకుని వేస్తోంది. చిన్నది వెనకే వస్తూ, ఇన్నాళ్లూ అడగలేనిది అడిగేసింది.

"అక్కా, ఇప్పుడు నన్ను తిట్టుకుంటున్నావా?"

అక్క ఆగింది. వెనక్కి తిరగలేదు.

"లేదే. అలవాటుగా ఆయన్నే మొదలుపెడతా, సగంలో గుర్తొచ్చి ఆపేస్తా. నీ మీదకి తిప్పుకుందామంటే నోరు తిరగట్లేదు. కొన్నాళ్లు పోనీ. నిన్నేమనాలో నాకింకా మాట దొరకలేదు."

మళ్లీ నడిచింది. చిన్నది ఆ కాలు పడే వేగానికి తన అడుగు తగ్గించుకుని, వెనకే నడిచింది.