మూడు బాణాలు

ఏడోసారి కూడా థామస్ మూడు బాణాలూ కొట్టి, ఒక ఖాళీ వదిలి, మిగతా లైనంతా కొట్టి ఎంటర్ నొక్కాడు. కంప్యూటరు నల్లటి తెర మీద మళ్లీ అదే తిట్టు: సింటాక్స్ ఎర్రర్, కొట్టిన తీరు తప్పని.

“ఏటి తప్పురా నాయనా!” అని తెరనే అడిగాడు. నోట్సు మీద స్కేలు పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకున్నాడు. కాగితం మీద లైను మొదట్లో >>> అని ఉంది. తనూ అదే కొట్టాడు. ఖాళీ ఉన్నచోట ఖాళీ, కామా ఉన్నచోట కామా. మరింకేం కావాలి దీనికి?

యాభై మూడేళ్ల మనిషి. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉంటాయి. చిటికెన వేళ్లతో సహా పది వేళ్ల కొనలూ కాయలు కాశాయి. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో ఈ మేడ మీద ఇరవై ఆరేళ్లుగా టైపు నేర్పుతున్నాడు. నేర్పింది ఒకటే ముక్క: కాగితం మీద ఏముంటే అదే కొట్టాలి. బుద్ధి వాడొద్దు, కళ్లు వాడు. ఆ ఒక్క ముక్కతో ఎంతమంది పిల్లలు కోర్టుల్లో, తాలూకాఫీసుల్లో ఉద్యోగాలకెక్కారో లెక్కలేదు. బాప్టిస్టు చర్చి ఆదివారం కార్యక్రమాల కాగితం కూడా ఆయనే కొడతాడు. పాస్టరుగారి కాగితంలో తప్పుంటే, ఆ తప్పుతో సహా.

ఇప్పుడు టైపు మిషన్లు ఏడూ వరండాలో టార్పాలిన్ కింద పడున్నాయి. యజమాని నరసింగరావు సోమవారం నుంచి ప్రోగ్రామింగ్ క్లాసు పెడుతున్నాడు. ఇవాళ శనివారం. సాయంత్రం అయిదులోగా నోట్సు మొదటి పేజీలోని ఏడు లైన్లూ నడిపించి చూపిస్తే ఆ క్లాసు థామస్‌ది. లేకపోతే ఇంటికి.

నోట్సు రాసిన మురళీమోహన్ పక్క కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు. విశాఖపట్నం నుంచి వచ్చిన ట్రెయినర్.

“బాబూ, ఈ మూడు బాణాలూ ఏటివి?”

“ప్రాంప్ట్ అండీ.”

“ప్రాంప్ట్ అంటే?”

“ప్రాంప్ట్ అంటే ప్రాంప్టే మాస్టారూ. బేసిక్స్ కదా.”

అదీ వీళ్ల చదువు. తెలియనివాడు అడిగితే తెలియని మాటే ఇంకోసారి గట్టిగా చెప్పడం. విడమరచడానికి అర నిమిషం పట్టదు. ఆ అర నిమిషం ఎవడి దగ్గరా ఉండదు, నవ్వడానికి మాత్రం పూటంతా ఉంటుంది. పన్నెండో ఎర్రర్‌కి మురళీమోహన్ నవ్వేసి, ఫోను చెవికి ఆనించుకుని మెట్లు దిగిపోయాడు.

థామస్ బాణాలు దగ్గరగా కొట్టాడు. ఎడంగా కొట్టాడు. కీబోర్డు తిరగేసి దులిపాడు. మధ్యాహ్నం దాటినా అన్నం క్యారేజీ మూత తీయలేదు.

మూడున్నరకి జగ్గమ్మ వచ్చింది. సంతకి ఎండుచేపలు తెచ్చే మనిషి. చేతిలో పింఛను ఫారం.

“మేస్టరు బాబూ, పేరు సరింగా కొట్టండి. పోయినసారి ఎవలో జగ్గయ్య అని కొట్టీసినారు. నానేటి మొగోడినా?”

“కూకో అమ్మా.”

టార్పాలిన్ ఎత్తి, చివరి మిషనులో ఫారం ఎక్కించాడు. ‘పేరు’ అని అచ్చయి ఉన్నదాని పక్కన, చుక్కల మీద, జగ్గమ్మ అని కొట్టాడు. ‘ఊరు’ పక్కన ఊరు. ‘వయసు’ దగ్గర వేళ్లు ఆగిపోయాయి.

‘పేరు’ అన్న మాట తను మళ్లీ కొట్టలేదు. ఎందుకు కొడతాడు? అది ఫారం అడుగుతున్న మాట. జగ్గమ్మ ఇచ్చేది దాని తర్వాత.

“ఏటి బాబూ, అలా సూత్తారు? నా వయసు అంత లేదులే, కొట్టండి.”

వయసు కొట్టి, ఫారం ఆమె చేతిలో పెట్టి లోపలికి పరిగెత్తాడు. తెర మీద లైను మొదట్లో మూడు బాణాలు, ఎవరూ కొట్టకముందే ఉన్నాయి. పొద్దుటినుంచీ ఉన్నాయి. నేను సిద్ధం, నువ్వు కొట్టు అని మిషను తనంతట తాను వేసుకున్న గుర్తు. దాని పక్కన తను ఇంకో మూడు కొడుతున్నాడు. బాణాలు మానేసి మిగతాది కొట్టాడు. నడిచింది. ఏడు లైన్లూ నాలుగు నిమిషాల్లో నడిచాయి.

సంతోషం రాలేదు. ఒళ్లు మండింది.

“ఒక్క ముక్క రాస్తే సేతులు ఇరిగిపోతాయేట్రా మీకు!” అని ఖాళీ కుర్చీని తిట్టాడు.

నాలుగున్నరకి నరసింగరావు వచ్చాడు. థామస్ తెర చూపించాడు. ఆయన తెరవంక చూడలేదు.

“మజ్జానమే మురళి ఫోను సేసీసినాడు మేస్టారూ. డజనుసార్లు కొట్టినా మీకు రానేదంట. కళాసు ఆడికే అప్పసెప్పీసినాను.”

“అయిదు దాకా అన్నారు కదండీ.”

“అన్నాను. ఏటి సేస్తాం.”

ఆయన వెళ్లిపోయాక థామస్ బల్ల వైపు తిరిగాడు. సోమవారం పిల్లలకి పంచాల్సిన నోట్సు, జిరాక్సు తీసిన ముప్పై ప్రతులు దాని మీద ఉన్నాయి. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశాడు. ఇరవై ఆరేళ్లుగా పిల్లల టైపు తప్పులు చుట్టిన పెన్సిల్. ఎవరో రాసిచ్చిన కాగితాన్ని దిద్దడం ఇదే మొదలు. ఇరవై ఎనిమిదో ప్రతి దగ్గర ములుకు విరిగింది. గోటితో చెక్క ఒలిచి మిగతా రెండూ పూర్తిచేశాడు.

మిషన్ల మీద టార్పాలిన్ సరిగ్గా కప్పాడు. తెరవని క్యారేజీ పట్టుకుని మెట్లు దిగాడు. స్టేషన్ రోడ్డులో ఎవరూ ఆయన్ని ఆపలేదు.

మేడ మీద కాగితాల కట్టపై గోరెడు పెన్సిల్ ముక్క. దాని కింద, పై ప్రతిలో మూడు బాణాల చుట్టూ ఎర్ర సున్నా, పక్కన అచ్చు పోసినట్టుండే చేతిరాత: ‘ఇది మిషను వేసుకుంటుంది. మీరు కొట్టకండి.’