హాజరమ్మ

ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడి అరచేతిలో మాత్రలు పెట్టుకుని ఆమె వంటగది కిటికీ దగ్గర నిలబడింది. ఒకటి షుగరుకి, ఒకటి రక్తపోటుకి. మూడోది, చిన్న తెల్లది, ఒంట్లో చేరిన నీరు లాగేయడానికి. అది వేసుకున్న రోజు సాయంత్రం దాకా బాత్రూంకి తిరగడమే పని. అందుకే ఇవాళ ఒక్కరోజు దాన్ని మానేద్దామని రాత్రే అనుకుంది.

ఫోనులో ఊరి నుంచి తోడికోడలు.

"నిద్ర లేచావా అక్కా? నేనింకా పడుకోలేదులే."

"మళ్ళీ రాత్రంతా నీళ్ళేనా?"

"ఊరంతా గురకలు పెట్టాక ఇచ్చాడు కరెంటు, మహారాజు. మడవ తెగితే మట్టి వేయబోయి బురదలో ఒక చెప్పు పోగొట్టుకున్నాను. రెండోది ఉంది, పంపమంటావా? మీ సభలో చూపిద్దువు గాని."

ఆమె నవ్వింది.

"ఇవాళే కదూ?"

"ఇవాళే."

"నిజంగా లేచి మాట్లాడతావా? కూరలో ఉప్పుందా అని అత్తయ్య అడిగినా తలూపి ఊరుకునేదానివి."

"నా నంబరు పిలిస్తే లేచి నిలబడి, ప్రవేశపెడుతున్నానని అనాలి. అంతేనే."

"ఆ ఒక్క ముక్కా మింగేయకు తల్లీ."

ఇంకా నవ్వుతూనే అరచెయ్యి నోట్లోకి ఒంపుకుని గ్లాసెడు నీళ్ళు తాగేసింది. గ్లాసు గట్టు మీద పెట్టి చెయ్యి చూసుకుంటే ఖాళీగా ఉంది.

కూతురు ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి తయారవుతూ వంటగదిలోకి వచ్చింది. "ఏంటమ్మా, చేతిలో జాతకం గానీ కనిపిస్తోందా?"

"మూడూ వేసేసుకున్నానే."

పకపకా నవ్విన కూతురు తల్లి మొహం చూసి ఆపేసింది. "పోనీలే. ఎక్కువ నీళ్ళు తాగకు. అలాగని నోరెండబెట్టుకుని కూర్చోకు, కళ్ళు తిరిగి పడతావు."

"ఏది చెయ్యమంటావో ఒకటి చెప్పు."

"మీ అధ్యక్షుణ్ణి తొందరగా పిలవమని చెప్పు" అంది కూతురు స్కూటరు తాళాలు వెతుక్కుంటూ.

ఆమె శాసనసభకి వెళ్ళడమే ఒక చిత్రం. పార్టీలో రెండు వర్గాలు కొట్టుకుని, మీవాడు వద్దంటే మీవాడు వద్దని పంతం పట్టాయి. ఎవరికీ కోపం లేని మనిషి కావలసి వచ్చింది. పాలకేంద్రంలో పాలు కొలిచే ఈవిడ దొరికింది. గెలిచింది. తీసెయ్యడానికి ఎవరికీ కారణం దొరక్క మళ్ళీ మళ్ళీ నిలబెట్టారు. పదిహేనేళ్ళలో ఆమె అరవలేదు, కాగితాలు చింపలేదు, పార్టీ మారలేదు. గంట కొట్టేసరికి సీట్లో ఉండేది. ఖాళీ సభలో ఎవరో ఉపన్యాసం దంచుతుంటే వినేది ఆమె, గోడగడియారం. అందుకే అందరూ హాజరమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింపుగానే అన్నారు గాని, పోనుపోను అదే పేరైపోయింది. పొట్టి మనిషి, లావు కళ్ళజోడు, సాయంత్రానికి ఉబ్బిపోయే చీలమండలు. వాటికోసం కూతురు కొనిచ్చిన గుడ్డ బూట్లు.

ఈసారి పోటీ చెయ్యనని తనే చెప్పేసింది. ఇవాళ ఆఖరి సమావేశం, అందులో కరెంటు బిల్లు. పొలాల మోటార్లకు 'వీలైన వేళల్లో' సరఫరా చేస్తారని బిల్లులో ఉంది. వీలు ఎవరిదో ఆమెకు బాగా తెలుసు. ఫ్యాక్టరీలకీ ఇళ్ళకీ పోగా అర్ధరాత్రి మిగిలిందే పొలాలకి. పెళ్ళైన కొత్తలో తోడికోడళ్ళిద్దరూ కలిసి రాత్రిళ్ళు నీళ్ళు పెట్టడానికి వెళ్ళేవాళ్ళు. ఒకరు లైటు పట్టుకుంటే ఒకరు పార పట్టేవారు. భయం వెయ్యకుండా దారిపొడుగునా అత్తగారి మీద చాడీలు చెప్పుకునేవాళ్ళు. ఆమె ఇటు వచ్చేశాక ఆ చిన్నది ఒక్కతే అయింది. మరిది నడుం పడిపోయి మంచం దిగడు. చాడీలు చెప్పుకోవడానికైనా పక్కన మనిషి లేదు.

ఇప్పుడు ఎండతో కరెంటు తీసే పలకలు ఊరి బయట ఎకరాలకొద్దీ పరిచారు. పగలు కరెంటు మిగిలిపోతోందని అధికారులే కమిటీలో చెప్పారు. ఆ రోజే ఆమె ఒక చిన్న సవరణ రాయించింది. 'వీలైన వేళల్లో' తీసేసి 'పగటిపూట' అని పెట్టమంది. విద్యుత్ మంత్రి ఆమెను వరండాలో ఆపి గొంతు తగ్గించి చెప్పాడు.

"నేనే పెడితే ఫ్యాక్టరీల వాళ్ళు నన్ను బతకనివ్వరమ్మగారూ. మీరు పెట్టండి, పెద్దావిడ మాట కాదనలేకపోయానని ఒప్పేసుకుంటాను. కానీ ఒక్కటే. పిలిచినప్పుడు మీరు సీట్లో ఉండాలి. లేకపోతే అది పడిపోయినట్టే, మళ్ళీ ఎత్తడం నా వల్ల కాదు."

"ఉండటం ఒక్కటే కదా నాయనా నాకు వచ్చింది" అంది ఆమె.

ఇప్పుడు సీట్లో కూర్చుంటే, ఆ ఒక్కటే కష్టంగా ఉంది. సభ కట్టిన రోజుల్లో ఆడవాళ్ళు వస్తారని ఎవరూ అనుకున్నట్టు లేదు. మగవాళ్ళ బాత్రూం గుమ్మం పక్కనే ఉంది. ఆడవాళ్ళది మెట్లు దిగి, క్యాంటీను సామాన్ల గది దాటి, వరండా చివర. ఉదయం ప్రశ్నల సమయంలో వెళ్ళొచ్చింది. భోజనాల ముందొకసారి, తర్వాతొకసారి. మూడోసారి మెట్లెక్కుతుండగానే బిల్లు మొదలైన గంట మోగింది.

సవరణలు వరసగా పిలుస్తున్నారు. చాలామంది లేచి, 'ప్రవేశపెట్టడం లేదు' అని కూర్చుంటున్నారు. బండి బాగానే నడుస్తోంది. తన ముందు ఇంకొక్కటే మిగిలింది. ఆ ఒక్కటీ మైకాసురుడిది.

మైకు దొరికితే వదలని ఆ సభ్యుడికి ఆ పేరు పెట్టింది ఆమె పక్కసీటు లాయరు. మైకాసురుడు లేచి, అంగీ సర్దుకుని, "అధ్యక్షా, మానవుడు నిప్పు కనిపెట్టిన నాటి నుంచీ..." అని మొదలుపెట్టాడు.

"అయిపోయాం" అన్నాడు లాయరు. "కరెంటు దగ్గరికి రావడానికి ఎంత లేదన్నా గంట."

ఆమెకు చెమట పట్టింది. మోకాళ్ళు దగ్గరగా నొక్కుకుంది. ముందుకు వంగితే ప్రాణానికి హాయిగా ఉంది, కాసేపే. తర్వాత అదీ లేదు.

"ఏంటమ్మగారూ, ఒంట్లో బాగోలేదా? మంచినీళ్ళు కావాలా?"

"వద్దు నాయనా, ఆ పేరెత్తకు."

లాయరుకు అర్థమైంది. "వెళ్ళి రండి, పర్లేదు. వాడింకా నిప్పు దగ్గరే ఉన్నాడు."

వెళ్ళొచ్చు. కానీ మెట్లు దిగాలి, ఎక్కాలి. ఈ బూట్లతో, ఈ కాళ్ళతో. ఈలోగా వీడికి దగ్గొచ్చి కూర్చుంటే? ఒక్క క్షణం చాలు, అంతా పోతుంది. ఈ సమావేశం అయ్యాక సభ లేదు. వచ్చే సభలో తను లేదు. ఒంటికాలి చెప్పుతో బురదలో నిలబడ్డ చిన్నది కళ్ళముందు మెదిలింది. కూర్చునే ఉంది. మైకాసురుడు ఆవిరి యంత్రం దగ్గరికి వచ్చాడు. సీటు పాడవుతుందేమోనన్న భయం ఒకటి, ఇంత వయసొచ్చి, ఇంతమంది మగవాళ్ళ మధ్య. ఆ సిగ్గు తల్చుకుంటే ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది.

ఆమె లేచి నిలబడింది.

సభలో గుసగుసలు ఆగిపోయాయి. మైకాసురుడు సగం మాటలో ఉండిపోయాడు. అధ్యక్షుడు కళ్ళజోడు పైకి నెట్టుకున్నాడు. "అమ్మగారూ, మీ వంతు ఇంకా రాలేదు."

"తెలుసయ్యా. ఆ అబ్బాయితోనే ఒక మాట." మైకులో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "నాయనా, నువ్వు బాగానే చెబుతున్నావు. కానీ నేను బాత్రూంకి వెళ్ళాలి. వెళితే నా సవరణ పోతుంది. ఉంటే నా పరువు పోతుంది. రెండూ నీ చేతిలోనే ఉన్నాయి."

సభ గొల్లున నవ్వింది. నవ్వులో ఏముందో చూసుకునే ఓపిక ఆమెకు లేదు. అటు పక్క ప్రతిపక్షంలో కూర్చున్న ఆడవాళ్ళు ముందుగా బల్లలు చరిచారు. ఆ తర్వాత ఇటువైపు వాళ్ళు. మైకాసురుడి చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మకీ అంతేనండీ" అని మైకులోనే అనేసి, "నాది ప్రవేశపెట్టడం లేదు" అని కూలబడ్డాడు.

అధ్యక్షుడు నంబరు పిలిచాడు.

"ప్రవేశపెడుతున్నాను" అంది ఆమె.

మంత్రి సగం లేచి, "పెద్దావిడ మాట, ఒప్పుకుంటున్నాను" అన్నాడు. అనుకూలురు అవునన్నారు. కాదనవలసినవాళ్ళు ఇంకా నవ్వుకుంటూనే ఉన్నారు. "సవరణ ఆమోదించడమైనది" అని అధ్యక్షుడు సుత్తి కొట్టాడు. మైకు కట్టేసి, గొంతు తగ్గించి, "వెళ్ళండమ్మా, వెళ్ళండి. నాకూ షుగరే" అన్నాడు.

ఆమె ఎలా మెట్లు దిగిందో ఆమెకే తెలియదు. మెడలో వేలాడుతున్న సభ్యత్వ కార్డు అడ్డం వస్తుంటే తీసి తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. తర్వాత కళ్ళు మూసుకుంది. లోకంలో ఇంతకన్నా సుఖం ఉంటుందా అనిపించింది. కళ్ళమ్మట నీళ్ళు వస్తున్నాయి, నవ్వూ వస్తోంది. తుడుచుకోలేదు.

బయటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే ఓటింగు గంట మోగింది. మొత్తం బిల్లు మీద ఆఖరి ఓటు. తమవైపు మనుషులు కావలసినంత మంది ఉన్నారు, తన ఒక్క చెయ్యి లేకపోతే ఆగేదేమీ లేదు. అయినా అలవాటుగా కాలు మెట్టు మీద పెట్టింది. చీలమండ సలిపింది. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. పైన అవునన్న గొంతులు వినపడ్డాయి. అందులో తనది లేదు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆమె గైర్హాజరు. ఏమీ కాలేదు. పైనున్న వాళ్ళెవరూ ఆమెను వెతకనూ లేదు.

ఫోను తీసి తోడికోడలికి చేసింది.

"ఒప్పుకున్నారే. వచ్చే పంట నుంచీ పగలే."



"నువ్వే చెప్పావా అక్కా?"

"నేనే చెప్పాను. ఏం చెప్పానో మాత్రం అడక్కు, రేపు పేపర్లో వేస్తారు. ఊళ్ళో తలెత్తుకోలేవు."

"అయితే రాత్రిళ్ళు పడుకోవచ్చన్నమాట." తోడికోడలు గట్టిగా ఆవలించింది. "అలవాటు తప్పింది కదక్కా, నిద్ర పడుతుందంటావా?"

"పట్టకపోతే నాకు ఫోన్ చెయ్యి. అత్తయ్య గురించి చెప్పుకుందాం."

తర్వాత ఆమె పైకి వెళ్ళలేదు. క్యాంటీను పక్క గుమ్మంలోంచి దొడ్డిదారికి వచ్చింది. కాపలా ఆయన లేచి నిలబడి, "మళ్ళీ ఎప్పుడమ్మా?" అన్నాడు. ఆమె చెయ్యి ఊపింది. గేటు బయట కూతురు స్కూటరు మీద ఒక కాలు నేలకానించి ఎదురుచూస్తోంది. తల్లి మొహం చూసి వెనక సీటు దుమ్ము దులిపింది. పోతూ పోతూ దారిలో కొట్టు దగ్గర బండి ఆపించుకుని, పెద్ద గ్లాసుడు మంచినీళ్ళు అడిగి తాగింది ఆమె.

సాయంత్రానికి సభ ఖాళీ అయింది. కింద వరండా చివర, బాత్రూం తలుపు వెనక కొక్కేనికి కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. పదిహేనేళ్ళ కిందటి నల్లటి జుట్టు, బిగించిన పెదవులు. పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నట్టున్న మనిషి ఫోటో, గాలి వీచినప్పుడల్లా ఒకసారి తలుపు వైపుకీ ఒకసారి కిటికీ వైపుకీ మెల్లగా తిరుగుతూ.