కాకెంగిలి బెల్లం

ఇంటర్వెల్ గంట కొట్టగానే విశాలాక్షి ఎప్పటిలాగే పావడ అంచులో బెల్లం ముక్క చుట్టి, గుడ్డ మీంచే కొరికింది. గుడ్డ అడ్డముంటే అది ఎంగిలి కాదు, కాకెంగిలి. హిందూపురం పిల్లలకు అంతకు మించిన చట్టం లేదు. సగం తను నోట్లో వేసుకుని, సగం హసీనాబీ చేతిలో పెట్టింది. బెల్లం మండీ వాళ్ళ పిల్లతో స్నేహమంటే మాటలా! హసీనా చప్పరించి మింగేసింది.

మింగాక గుర్తొచ్చింది. ఆ రోజు ఆమెకు తొలి రోజా, రంజాన్ ఉపవాసం.

“అయ్యో విశాలా! పొద్దు మునిగేదాకా నీళ్ళు గూడా తాగకూడదు నేను. సాయంత్రానికి నాయన వీధి వీధంతా పిలిచినాడు, పూలహారం తెచ్చినాడు.” హసీనా స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. “ఎవురికీ చెప్పొద్దే.”

విశాలాక్షి తలూపింది. మొక్కు తప్పితే కదిరి నరసింహస్వామి నెత్తురు కక్కిస్తాడని వాళ్ళవ్వ అన్నపూర్ణమ్మ రోజూ చెబుతుంది. తొమ్మిదేళ్ళ పిల్ల లెక్కలో ఆ దేవుడికీ హసీనా దేవుడికీ పేర్లే వేరు, కోపం ఒక్కటే. ఇక హసీనా బతకదు. చంపేది తన బెల్లమే.

మధ్యాహ్నం హసీనా తల పట్టుకుని బెంచీ మీద వాలిపోయింది. ఆకలికి అలాగే ఉంటుందిలే అన్నారు అయ్యవారు. ఆయనకేం తెలుసు! విశాలాక్షి స్నేహితురాలి ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి ఆడుతోందో లేదో చూసింది.

సాయంత్రం హసీనా ఇంటి ముందు చాపలు పరిచారు. కొత్త బట్టలు, మెడలో హారం, పాలిపోయిన ముఖంతో హసీనా అందరి నడుమ కూర్చుంది. అవ్వ ఖైరున్‌బీ మనవరాలి చేతిలో ఖర్జూరం పెట్టింది. లేని రోజాను ఉన్నట్టు నటించి అది తింటే, గొంతు దిగకముందే ప్రాణం పోతుందని విశాలాక్షికి ఖాయమైపోయింది. నిజం చెబితే తనను మళ్ళీ ఈ గడప తొక్కనివ్వరు. చెప్పకపోతే హసీనాయే ఉండదు.

రోజా విడిచే వేళయిందని మసీదులో సైరన్ మోగింది. హసీనా చెయ్యి నోటి దాకా వెళ్ళింది.

“తినొద్దు!” అని అరిచింది విశాలాక్షి. “పొద్దున బెల్లం తినింది. నేనే పెట్టినా. సంపితే నన్ను సంపమని మీ దేవునికి చెప్పండి!”

అందరి చేతులూ ఆగిపోయాయి. హసీనా నాయన ఖాదర్‌వలి లేచి నిలబడ్డాడు. విశాలాక్షి భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఖైరున్‌బీ మనవరాలి గడ్డం పైకెత్తింది. “రోజా ఉండానని తెలిసే తింటివా?”

“మర్సిపోయినానవ్వా. మింగినాక మతికొచ్చింది.”

“మర్సిపోయి తింటే రోజా పోదు తల్లీ. ఆ బెల్లం దేవుడే పెట్టినట్టు. తిను.”

హసీనా ఏడుస్తూనే ఖర్జూరం కొరికింది. ఆమె మింగేదాకా విశాలాక్షి రెప్ప వెయ్యలేదు. మింగింది. ఏమీ కాలేదు.

ఖాదర్‌వలి పగలబడి నవ్వాడు. “ఇంత బెల్లానికే సంపుతాడా దేవుడు? అంత కోపిష్టోడని ఎవురు చెప్పినారు మీకు?”

“మా అవ్వ,” అంది విశాలాక్షి.

“నువ్వే, నాయనా,” అంది హసీనా. “రోజా తప్పితే నిప్పుల్లో కాలుస్తాడని రాత్రి చెప్తివి గదా.”

ఖాదర్‌వలి నవ్వు ఆగిపోయింది. కూతురి ముందు కూలబడి, ఆమె చేతులను పట్టుకున్నాడు.

“భయపెట్టింది నేను తల్లీ,” అన్నాడు. “దేవుడు కాదు.”